నాలుగో కాలు

"కల్తీ జరిగినట్టుందమ్మా," అన్నారు డైరెక్టరుగారు, కాగితం మీంచి తలెత్తకుండానే.

ఆ మాట పాలలో నీళ్ళు కలిపేవాళ్ళని అనాలి. నన్నా అనేది! పదహారేళ్ళుగా ఈ ల్యాబులో డీఎన్ఏ తీస్తున్నాను. చేతికి తొడుగు లేకుండా తలుపు గొళ్ళెం కూడా ముట్టుకోను. ఒక ట్యూబు మూత తీశానంటే పక్క ట్యూబు మూత బిగించే ఉండాలి. నా బల్ల దగ్గర ఎవరైనా తుమ్మారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. అందుకే వెనకాల నన్ను టపాకాయ అంటారు. అననీ. టపాకాయ పేలితే పేలుతుందేమో గాని కల్తీ మాత్రం చెయ్యదు.

"ఏం చూసి అంటున్నారు సార్ ఆ మాట?" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

"చూద్దాం, చూద్దాం," అన్నారాయన. ఆయన దేనికైనా అదే అంటారు. జీతం పెంచమన్నా చూద్దాం, ఫ్రీజరు పాడైందన్నా చూద్దాం. ఆయన లేనప్పుడు మేం ఆయన్ని చూద్దాంగారు అనుకుంటాం. మనిషి చెడ్డవారేం కాదు. ఎవరినీ నొప్పించకుండా రోజు గడిస్తే చాలనుకునే రకం.

ఆయన చేతిలో ఉన్నది నేనిచ్చిన ఫలితాల కాగితమే. నలభై ఆరు ట్యూబులు. ఒక్కో ట్యూబులో ఆల్కహాల్‌లో మునిగిన ఒక్కో కాలి కొస, బియ్యపు గింజంత. ఆ కాళ్ళు కొండవాగులో బతికే క్రేఫిష్‌వి. ఎప్పుడూ చూడనివాళ్ళకి చెప్పాలంటే, రొయ్య ఒంటికి పీత డెక్కలు తగిలించినట్టు ఉంటుంది. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ దాన్ని డెక్కల రొయ్య అనే అంటారు. ఈ జాతి ఒకప్పుడు కొండచుట్టూ ఉన్న వాగులన్నిట్లో ఉండేదట. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క వాగులో. ఎవరో పెంచి అమ్ముకుందామని పెద్దజాతి క్రేఫిష్‌ని ఎక్కణ్ణుంచో తెచ్చి, గిట్టుబాటు కాక కింద నదిలో వదిలేశారు. అది ఏటికేడు పైకి పాకుతోంది. అది చేరిన నీళ్ళలో మా చిన్నజాతి బతకదు.

అందుకని పైవాళ్ళొక తీర్మానం చేశారు. మన వాగులో నలభై ఆరు ఉన్నాయి కదా, అందులో ఇరవైటిని పట్టి, పెద్దజాతి ఎక్కలేని ఇంకో కొండవాగులో వదలాలి. గురువారం వ్యాను వస్తుంది. ఏ ఇరవైటిని పట్టాలో చెప్పడం నా పని. అన్నీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అయితే కొత్తచోట పుట్టే సంతానం నీరసంగా ఉంటుంది, కాబట్టి దూరపు చుట్టాలుగా ఉన్నవాటిని ఏరాలి. పెళ్ళిళ్ళ పేరయ్య పనే అనుకోండి, కాకపోతే జాతకాల బదులు డీఎన్ఏ.

తీరా సంబంధాలు చూడబోతే పెద్ద తిరకాసు వచ్చిపడింది. ఏడో నంబరు, ఇరవై రెండు, ముప్పై తొమ్మిది అచ్చం ఒకటే అని తేలాయి. డీఎన్ఏలో పద్ధెనిమిది చోట్ల పోల్చి చూస్తాం, పద్ధెనిమిదీ కలిశాయి. తోబుట్టువులైనా అలా కలవవు. అయిదు, పద్ధెనిమిది, ముప్పై నంబర్లు కూడా అంతే. అలా కలిసినవన్నీ ఒకచోట చేరిస్తే, నలభై ఆరు ట్యూబుల్లో వేరు వేరు ప్రాణులు లెక్కకి పందొమ్మిదే వచ్చాయి.

"ఒకదాంట్లోది చుక్క ఇంకోదాంట్లో పడి ఉంటుందమ్మా," అన్నారు చూద్దాంగారు. "తప్పు పట్టడం కాదు, మనుషులన్నాక జరుగుతుంది. ఈ కాగితం పక్కన పెట్టేద్దాం. గురువారం ఏవో ఒక ఇరవై పట్టుకుపోదాం. కల్వర్టు దగ్గర దిగడం తేలిక, అక్కడే పడితే సరిపోతుంది."

"నిజంగా ఉన్నవి పందొమ్మిదే అయితే ఇరవై ఎక్కణ్ణుంచి వస్తాయి సార్?"

"ఉన్నవి నలభై ఆరు. లెక్కపెట్టింది మీ వదినగారే కదా."

అదీ అసలు సంకటం. వాగు కావలి ఎవరో కాదు, మా ఆయనకి స్వయానా అక్క, నాకు వదిన. ఎనిమిదేళ్ళుగా ఆ వాగే ఆవిడ ఇల్లూ వాకిలీను. పట్నం ఆఫీసులో కుర్చీ ఉద్యోగం ఇస్తామన్నా వెళ్ళలేదు. మూడేళ్ళ కిందట కాళ్ళ నమూనాలు తియ్యడం మొదలెట్టాక ఆవిడ ఏటా చలి తగ్గగానే సాయంత్రం బోనులు వేసి, పొద్దున్నే తీస్తుంది. పడ్డదాని వీపు మీద ఎర్ర గోళ్ళరంగుతో నంబరు వేస్తుంది. ఎడమవైపు నాలుగో కాలి కొస కత్తిరించి ట్యూబులో వేస్తుంది. వదిలేస్తుంది. డెక్కల రొయ్య ఎదిగేటప్పుడు పెంకు విడుస్తుంది కాబట్టి ఆ గోళ్ళరంగు పెంకుతోపాటే పోతుంది, ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకే కాలి నియమం పెట్టుకుంది. రంగు లేకపోయినా నాలుగో కాలు మొండిగా ఉంటే పాతది, కాలు నిండుగా ఉంటే కొత్తది. మొదటి ఏడు పన్నెండు, రెండో ఏడు కొత్తవి పదిహేను, మూడో ఏడు కొత్తవి పందొమ్మిది. వెరసి నలభై ఆరు. మరి మొండికాలివి ఒక్కటీ మళ్ళీ పడలేదేం అని నేనొకసారి అడిగితే, "ఒకసారి కాలు పోగొట్టుకున్నది మళ్ళీ బోను మొహం చూస్తుందా? మా తమ్ముడు నయం, మూడుసార్లు ఒకే లిఫ్టులో ఇరుక్కున్నాడు," అంది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు లెండి. అక్క నోట్లో పడితే ఎవరికీ మినహాయింపు లేదు.

నేను పట్టుబట్టాను. ప్రతి కాలిలోనూ సగం ముక్క ఫ్రీజర్లో దాచి ఉంచుతాను. శనివారం నుంచి సోమవారం దాకా ఆ సగాలతో పని మొత్తం మొదట్నుంచీ మళ్ళీ చేశాను. ప్రతి విడతలోనూ ఉత్త నీళ్ళు పోసిన ట్యూబొకటి ఉంచాను. కల్తీ ఉంటే ఆ నీళ్ళలో కూడా ఏదో ఒకటి కనబడాలి. ఏమీ కనబడలేదు. మిగతా ట్యూబులు మాత్రం ముందు చెప్పిందే మళ్ళీ చెప్పాయి. పందొమ్మిది.

మంగళవారం పొద్దున కాగితం తీసుకెళ్ళి చూద్దాంగారి బల్ల మీద గట్టిగానే పెట్టాను.

ఆయన కాగితం చివరిదాకా చదివారు. "అయితే కాళ్ళు వాగు దగ్గరే కలిసిపోయి ఉంటాయి," అన్నారు. "ఒకే కాలిని రెండు మూడు ట్యూబుల్లో వేసేసి ఉంటారు. పెద్దావిడ కదా, చూపు ఆనక…"

నా మీంచి నింద దిగింది. దిగి మా వదిన నెత్తికెక్కింది. అప్పుడు నాకు సంతోషం వేసిందని ఒప్పుకుంటాను, ఒక్క నిమిషంపాటు. ఆ తరవాత, ఆయన ఆవిడకి ఫోను చేసి అడక్క మానరనీ, సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందోననీ తట్టింది.

అనుకున్నట్టే, నేను ఇంటికి వెళ్ళేసరికి వదిన మా వంటింటి బల్ల దగ్గర కూచుని ఉంది. బురద బూట్లు గుమ్మం దగ్గర, నోటుపుస్తకం ఒళ్ళో.

"ఏమే, నేను కాళ్ళు కలిపేశానన్నావట?"

"నేననలేదు వదినా. చూద్దాంగారన్నారు. ఆయన ముందు నన్నే అన్నారు."

"అంటే నువ్వేమన్నావ్?"

"నేను కాదన్నాను."

"నువ్వు కాదంటే మరి నేనేగా! వాగుకీ నీ ల్యాబుకీ మధ్య మూడో మనిషి ఎవరున్నారు, నీ మొగుడా?"

"నన్నెందుకు లాగుతావక్కా మధ్యలో," అన్నాడు మా ఆయన. "టీ పెట్టనా?"

"నువ్వూరుకో!" అంది వదిన.

"మీరూరుకోండి!" అన్నాను నేను. పెళ్ళయ్యాక వదినా నేనూ ఒక్క మాట మీద నిలబడ్డది అప్పుడే అనుకుంటాను. ఆయన పొయ్యి దగ్గరికి పోయి టీ పెట్టుకున్నాడు.

"చూడవే," అంటూ వదిన పుస్తకం నా ముందుకి తోసింది. "ఒకటి పట్టి, కొలిచి, కోసి, ట్యూబులో వేసి, మూత పెట్టి, దాన్ని నీళ్ళలో వదిలాకే రెండోదాని మీద చెయ్యి వేస్తాను. ఎండ పేల్చినా, వాన కురిసినా అంతే. నా చూపు ఆనదా? నీ తల్లో తెల్లవెంట్రుకలు ఎన్నున్నాయో ఇక్కణ్ణుంచి చెప్పమంటావా?"

"ఆ ఒక్కటీ వద్దు," అన్నాను.

పుస్తకం తిప్పాను. ఎంత ముచ్చటైన పుస్తకమో అది. గీతలు స్కేలుతో గీసి ఉన్నాయి. నంబరు, తేదీ, చోటు, ఆడా మగా, పొడవు, చివర్న గమనిక. ఏడో నంబరు: ఆడ. ఊరికే వేలు జరిపి ఇరవై రెండు చూశాను: ఆడ. ముప్పై తొమ్మిది: ఆడ. అయిదు మగ, పద్ధెనిమిది మగ, ముప్పై మగ.

కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఏవండీ, ఆ టీ అక్కడ పెట్టి ఇలా రండి," అన్నాను. "నా కాగితంలో గుంపులు వరసగా చదవండి. వదినా, నువ్వు పుస్తకంలోంచి ఆడో మగో చెప్పు, పొడవు చెప్పు."

"ఏం ఆటే ఇది?"

"ఆడు ముందు."

మా ఆయన చదివాడు, వదిన చెప్పింది, నేను రాశాను. ఒకటికి మించి ట్యూబులున్న గుంపులు పదహారు. పదహారింట్లోనూ ఆడదానికి ఆడదే, మగదానికి మగదే జతపడింది. ఒక్క గుంపులోనూ ఆడా మగా కలవలేదు. కాళ్ళు పొరపాటున కలిసిపోతే అలా ఎలా కుదురుతుంది? పొరపాటుకి ఆడా మగా తేడా తెలుసా? ఇంకో తమాషా పొడవుల్లో ఉంది. ఏడు డెబ్భై ఒక్క మిల్లీమీటర్లు, ఇరవై రెండు డెబ్భై నాలుగు, ముప్పై తొమ్మిది డెబ్భై ఆరు. అన్ని గుంపుల్లోనూ అదే వరస. తరవాతి ఏడు పట్టింది ముందుదానికన్నా పొడుగు, లేదా సమానం. పొట్టిది ఒక్కటీ లేదు.

"పెరుగుతోంది," అన్నాడు మా ఆయన. ఆయనకీ పట్టుకుంది ఆ పిచ్చి. టీ చల్లారిపోయింది.

"గమనికల్లో ఇదేంటి వదినా? 'నాలుగో కాలు పలచగా, తెల్లగా ఉంది, జబ్బా?' ఏడు చోట్ల రాశావు."

"అవును, కొన్నిటికి ఆ కాలు నాజూకుగా ఉండేది. పసిపిల్ల వేలులాగ. తెగులేమో అని భయపడ్డాను. అందుకే రాశాను."

"అది జబ్బు కాదు. ఆ కాలు కొత్తగా మొలిచింది!"

"కొత్తగా మొలవడానికి నాలుగైదేళ్ళు పడుతుందే. పుస్తకంలో ఉంది, మాకు శిక్షణలో ఇచ్చారు."

"ఆ పుస్తకం ఇంకేదో జాతి గురించి. మనవాటి సంగతి ఎవరు చూశారు వదినా? నీకు ముందు ఎవరైనా చూశారా అసలు? మనవి ఏడాది తిరక్కుండానే కాలు తెచ్చుకుంటున్నాయి. పెంకుతోపాటు రంగు పోయింది, కాలు మొలిచింది, నీ బోనులో మళ్ళీ పడింది, నువ్వు కొత్తదనుకుని మళ్ళీ కోశావు! నువ్వూ తప్పు చెయ్యలేదు, నేనూ తప్పు చెయ్యలేదు. ఏడూ, ఇరవై రెండూ, ముప్పై తొమ్మిదీ ఒక్కతే! మూడేళ్ళూ వచ్చింది!"

లేచి నిలబడి చప్పట్లు కూడా కొట్టానేమో. ఇంతమంది శాస్త్రవేత్తలకి తెలియని ముక్క మా వంటింటి బల్ల మీద దొరికింది. వదిన వంక చూశాక చేతులు అక్కడే ఆగిపోయాయి.

ఆవిడ పుస్తకం మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూచుంది.

"అయితే అవి పెరగలేదా?" అంది.

ఆవిడ ఫోన్లన్నీ గుర్తొచ్చాయి. మొదటి ఏడు పన్నెండు అని ఫోను చేసింది. రెండో ఏడు ఇరవై ఏడయ్యాయే అని అరిచింది, ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. మూడో ఏడు మిఠాయి పొట్లం పట్టుకుని బస్సెక్కి వచ్చింది. దార్లో కండక్టరుకి కూడా పెట్టిందట, మావి నలభై ఆరయ్యాయి తీసుకోండి అని.

"ఉన్నవి పందొమ్మిది వదినా," అన్నాను. "మొదట్నుంచీ ఉన్నవే తిరిగి తిరిగి పడ్డాయి."

"నేనేమో నావల్ల పెరుగుతున్నాయనుకున్నాను." పుస్తకం అట్ట మీది మట్టిని గోటితో గీకింది. "వాగంతా నిండిపోయిందనుకుని నిద్రపోయేదాన్ని."

అంతసేపూ గెంతినందుకు నాకు సిగ్గేసింది. మా ఆయన అక్క పక్కన కూచుని భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ తోసెయ్యలేదు. అదీ కొత్తే.

బుధవారం పొద్దున చూద్దాంగారికి వదినే చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను. "నా లెక్క తప్పండి. పందొమ్మిదే ఉన్నాయి. కాలు మొలుస్తుందని నాకు తెలియలేదు. ఇది రాసుకోండి, నా తరవాత లెక్కపెట్టేవాళ్ళు ఇలాగే మోసపోకూడదు," అంది.

ఆయన ఆవిణ్ణి కూచోమన్నారు. మంచినీళ్ళు తెప్పించారు. చెప్పాగా, చెడ్డవారు కాదు. ఆ తరవాత చెప్పిన మాట మాత్రం నాకు గుండెలో గుచ్చుకుంది.

"నలభై ఆరుంటే ఇరవై తీసి మిగతావి ఉంచుదామనుకున్నాం. పందొమ్మిదే అంటే, అవీ పాతవే అంటే, ఆ వాగులో పిల్లలు నిలవడం లేదన్నమాట. పుట్టుకలే లేనిచోట వాటిని ఉంచి ఏం లాభం? పెద్దజాతి వచ్చేలోగా అన్నిటినీ తెచ్చేద్దాం. ఇక్కడ తొట్లలో పెట్టి పిల్లల్ని పుట్టించే ప్రయత్నం చేద్దాం. రేపు వ్యాను ఎలాగూ వస్తోంది."

"క్రితంసారి ఇంకో జాతిని తొట్లలో పెడితే సగం చచ్చిపోయాయి సార్," అన్నాను.

"తెలుసమ్మా. వేరే దారి చెప్పండి."

"మూడు ట్యూబులు దేనితోనూ కలవలేదు. ముప్పై మూడు, నలభై ఒకటి, నలభై ఆరు. మూడూ ఈ ఏడే పడ్డాయి. అవి కొత్తగా పుట్టి పెరిగినవేమో?"

"పాతవే అయి, ఇన్నాళ్ళూ బోనుకి దొరక్కపోయి ఉండొచ్చు కదా?"

ఉండొచ్చు. పిల్లలు గులకరాళ్ళ సందుల్లో దూరి ఉంటాయి, బోనుకి రావు. పెద్దయ్యాకే పడతాయి. అప్పుడు చూస్తే కొత్తదో పాతదో కంటికి తెలియదు.

"అవి అక్కడ పుట్టినవే అని తేలిందనుకోండి, ఒక్కదాన్నీ కదపం," అన్నారాయన. "వాగు దిగువనున్న వంతెన దగ్గర అడ్డుగోడ కట్టించి పెద్దజాతిని కిందే ఆపుదాం. తేలకపోతే మాత్రం నేను రిస్కు తీసుకోలేను."

వదిన లేచింది. "రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. సాయంత్రం బోనులు వేస్తాను. నేనే పట్టిస్తాను అన్నిటినీ," అంది. ఆవిడ ఎదురు చెప్పకుండా ఒక గదిలోంచి బయటికి రావడం అదే మొదటిసారి చూశాను.

నేను బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఈ వారం రోజులూ నేను అడిగిందల్లా ఏది దేనితో సమానం అని. నా పరువు ఎక్కడ పోతుందో అన్న గొడవలో పడి, ఆ మూడూ ఎవరి పిల్లలు అని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతి ప్రాణిలోనూ సగం తల్లిది, సగం తండ్రిది ఉంటుంది. ఈ మూడింటి అమ్మానాన్నలు మిగతా పదహారింట్లోనే ఉంటే, అవి ఈ వాగులో పుట్టినవే అన్నమాట. వదిన పట్టి చూసినవాటి కడుపున పుట్టినవి. కాకపోతే అన్నీ దగ్గర చుట్టాలైన చోట పద్ధెనిమిది చోట్లు చూస్తే చాలదు, పిన్నినో మేనత్తనో అమ్మ అనుకునే ప్రమాదం ఉంది. ఇంకో ఇరవై నాలుగు చోట్లు కూడా కలిపాను. సాయంత్రానికి అన్నీ మిషన్లో పెట్టి తలుపు వేశాను.

గురువారం పొద్దున ఆరింటికి వచ్చి ఫలితం తెరిచాను. తల్లి వరస ఒకటి, తండ్రి వరస ఒకటి, మధ్యలో పిల్ల. స్కేలు పెట్టి చోటు తరవాత చోటు చూసుకుంటూ పోయాను. ముప్పై మూడులో సగం ముప్పై తొమ్మిదో నంబరుది, అంటే మూడేళ్ళూ పడ్డ ఆ ఆడదానిది. మిగతా సగం ముప్పయ్యో నంబరుది. నలభై రెండు చోట్లలో ఒక్కచోటా తప్పలేదు. నలభై ఒకటి అంతే. నలభై ఆరు అంతే.

వదిన పుస్తకం పేజీలు ఫోటోలు తీసుకుని ఉన్నాను. చోటు దగ్గర ఏం రాసిందా అని చూశాను. మూడింటికీ ఒకటే: కల్వర్టు గొట్టం కింద. దిగడం తేలికని మొదట ఇరవైటిని పట్టేద్దామనుకున్న చోటే అది.

వదినకి ఫోను చేశాను. ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది, ఫోను సంచిలో పెట్టి సంచి గట్టు మీద పెడుతుంది. చూద్దాంగారికి చేస్తే అందుబాటులో లేరని ఎవరో ఆడమనిషి రెండుసార్లు చెప్పింది. మూడోసారి మా ఆయనకి చేశాను.

"స్కూటరు తియ్యండి."

"లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారే…"

"ఇంకో పావుగంట ఇరుక్కుంటారు. స్కూటరు తియ్యండి!"

పావుగంట కాదు, ముప్పావుగంట పట్టింది. ఆ లిఫ్టులో ఉన్న మహానుభావుడెవరో నన్ను క్షమించాలి. కొండదారి పొడుగునా మా ఆయన ఏం దొరికిందో చెప్పమంటాడు, నేను గాలికి అరుస్తాను, ఆయనకి సగమే వినబడుతుంది.

కల్వర్టు దగ్గర వ్యాను ఆగి ఉంది. చూద్దాంగారు గొడుగు వేసుకుని రాయి మీద నిలబడి ఉన్నారు. వదిన మోకాళ్ళలోతు నీళ్ళలో వంగి బోను విప్పుతోంది. గట్టు మీద రెండు టబ్బులు, వాటిలో అప్పటికే పద్నాలుగు ఉన్నాయి.

"వదినా, ఆగు!"

ఆవిడ నడుం ఎత్తి చూసింది. రాత్రి ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మళ్ళీ ఏం తప్పిందే?" అంది.

చెప్పులతోనే నీళ్ళలోకి దిగాను. కాగితం ఆవిడ మొహం ముందు పట్టుకున్నాను. "పుట్టాయి వదినా. మూడు. ఇక్కడే, ఈ గొట్టం కిందే పుట్టి పెరిగాయి. వాటి అమ్మా నాన్నా ఇద్దరూ నీ పుస్తకంలోనే ఉన్నారు."

"ఊరుకోబెట్టడానికి చెప్తున్నావా?"

"నేనా? నా మొహం చూసి చెప్పు, నేను ఎవరినైనా ఊరుకోబెట్టే మనిషినా?"

ఆవిడ కాగితం వంక చూడనేలేదు, నా మొహం వంకే చూసింది. చూద్దాంగారు గొడుగు పక్కన పడేసి, ప్యాంటు మడిచి నీళ్ళలోకి వచ్చారు. కాగితం తీసుకుని వరసల మీద వేలు పెట్టి చదివారు. రెండుసార్లు చదివారు. నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు, మంచి ప్రశ్నలే. నాలుగింటికీ జవాబు చెప్పాను.

"అడ్డుగోడకి ఇవాళే రాస్తాను," అన్నారు. వ్యాను డ్రైవరు వంక తిరిగి, "మనం ఖాళీగానే వెళ్తాం బాబూ," అన్నారు.

వదిన గట్టెక్కి టబ్బు పక్కన మోకాళ్ళ మీద కూచుంది.

"తల్లి ఏదే?"

"ముప్పై తొమ్మిది."

డెక్కలకి దొరక్కుండా వేళ్ళు పెట్టి ఒక్కొక్కదాన్నీ పక్కకి జరుపుతూ వెతికింది. ఎర్ర గోళ్ళరంగు సగం వెలిసిపోయి ఉంది. వీపు పట్టుకుని పైకి తీసి, వెల్లకిలా తిప్పి, ఎడమవైపు నాలుగో కాలు చూసింది. మొండి చివర్న అప్పుడే చిన్న తెల్లటి మొలక వస్తోంది.

"నువ్వటే?" అంది దానితో. "మూడుసార్లు కోశాను కదే నిన్ను. నేను నిన్నే లెక్కపెట్టుకుంటూ మురిసిపోతుంటే, నువ్వు నాకు కనబడకుండా పిల్లల్ని పెంచుకుంటున్నావా తల్లీ?"

అంటూనే భోరుమంది. దాన్ని మాత్రం వదల్లేదు. నాకూ ఆగలేదు. మా ఆయన అటు తిరిగి స్కూటరుకి ఏదో బాగుచేస్తున్నట్టు నటించాడు.

వదిన గొట్టం మొదట్లోకి నడిచి వెళ్ళి, చెయ్యి నీళ్ళలో ముంచి విప్పింది. అది ఒక్క క్షణం అరచేతిలోనే ఉండి, తోక కొట్టి వెనక్కి వెనక్కి జరిగి రాయి కిందకి పోయింది.

"ఇంకా ఎన్నున్నాయో ఏమో ఆ సందుల్లో," అంది వదిన, మోచేత్తో ముక్కు తుడుచుకుంటూ.

"నాకు తెలిసినవి మూడే వదినా."

"మూడు చాల్లే," అని టబ్బు దగ్గరికి వచ్చింది. నేను ఒకదాన్ని తియ్యబోతే నా చెయ్యి తోసేసింది. మిగతా పదమూడింటినీ ఒక్కొక్కదాన్నే తీసి, నంబరు పైకి చదివి, పట్టిన చోటుకే నడుచుకుంటూ వెళ్ళి వదిలింది. మమ్మల్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.